‘ఆదివారం బీచ్‌కి ఎల్దాం’ అంటే ఏటి? ఆటిజం ఉన్న విద్యార్థికి స్నేహం ఎందుకంత పని

శుక్రవారం మధ్యాహ్నం, విశాఖపట్నంలో మధురవాడ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ క్యాంటీన్. రెండో ఏడాది చదివే నలుగురు సమోసాలు తిని లేస్తున్నారు. చేతులు కడుక్కుంటూ ఒకడు, “ఆదివారం బీచ్‌కి ఎల్దాం రా, మురీ మిక్చర్ తిని ఎన్నాళ్ళయిందో” అన్నాడు. ఇద్దరు “ఎల్దాం ఎల్దాం” అన్నారు. నాలుగోవాడు ఏమీ అనలేదు గానీ ఫోన్లో రిమైండర్ పెట్టుకున్నాడు. పోయినసారి అందరూ కలిసింది సాయంత్రం ఐదింటికి, ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం ఎదురుగా. అందుకని ఆదివారం గాజువాక నుంచి బస్సెక్కి సరిగ్గా ఐదింటికి అక్కడికే చేరాడు. ఏడున్నర దాకా నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. ఫోన్ చేయొచ్చుగా అంటారేమో. అతనికి ఎదురుగా మాట్లాడటంకన్నా ఫోన్లో మాట్లాడటం ఇంకా కష్టం.

సోమవారం అతను ముగ్గురిలో ఎవరినీ పలకరించలేదు. తమతో అబద్ధం ఆడారన్నది అతని లెక్క. వాళ్ళకేమో వీడికి కోపం ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు. వాళ్ళ లెక్కలో ప్లానంటూ ఏదీ లేదు. “ఊరికే అన్నాం రా బాబూ!”

ఈ నలుగురూ ఈ వ్యాసం కోసం నేను ఊహించినవాళ్ళు. నాలుగోవాడికి ఆటిజం ఉంది, అప్పటికి ఎవరికీ చెప్పలేదు. అతన్ని వెంటబెట్టుకునే మిగతా విషయమంతా చెప్పుకొస్తాను.

ఈ మధ్య ఆటిజం గురించి వార్తలకు కరువు లేదు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం గర్భిణులు వాడే పారాసిటమాల్‌కూ ఆటిజానికీ ముడిపెట్టింది. అలా చెప్పడానికి నిలకడైన ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకు వస్తుంది, ఎవరి తప్పు అన్నదాని మీద ఉన్న ఆసక్తిలో పదో వంతు కూడా, ఆటిజం ఉన్న కుర్రాడు క్లాసులో పక్కవాడితో ఎలా నెగ్గుకొస్తున్నాడన్నదాని మీద కనబడదు. అదే సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. నాలుగు వేల మంది చదివే కాలేజీకి ఈ లెక్క వేస్తే ముప్ఫై మంది తేలతారు. ఆటిజం ఉన్న అందరూ కాలేజీ దాకా రారు కాబట్టి అంతమంది ఉండకపోవచ్చు. కానీ ఒక్కరూ లేరనుకోవడం మాత్రం కుదరదు.

కొలబద్ద కాదు, విస్తరి

ఆటిజం మెదడు ఎదిగే తీరులో చిన్నప్పటి నుంచీ ఉండే తేడా. పెంపకం వల్ల రాదు, పెద్దయ్యాక అంటుకోదు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని ఇలా నిర్వచించింది: సాధారణంగా మొదటి మూడేళ్ళలో బయటపడుతుంది, భావాలు తెలియజెప్పడం మీద, బంధాలను అర్థం చేసుకోవడం మీద, ఇతరులతో మెలగడం మీద గట్టి ప్రభావం చూపుతుంది, చేసిందే చేయడం, వింతగా తోచే అలవాట్లు తరచుగా దాని వెంట ఉంటాయి. డాక్టర్లు చూసేవి కూడా ఈ రెండు మూటలే. ఒకటి మాటామంతీ, మెలగడం. రెండోది పట్టుదలగా ఉండే అలవాట్లు, ఒకే విషయం మీద గాఢమైన ఇష్టం, శబ్దం, వెలుతురు, వాసన, తాకిడి లాంటివి మరీ ఎక్కువగానో తక్కువగానో తెలియడం.

ఆటిజం ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి దాన్ని స్పెక్ట్రమ్ అంటారు. ఆ మాట అనగానే చాలామంది ఒక గీత ఊహించుకుంటారు. ఈ చివర ‘కొంచెం ఆటిజం’, ఆ చివర ‘బాగా ఆటిజం’. పెళ్ళి బంతిలో విస్తరి ఊహించుకుంటే ఇంకా దగ్గరగా ఉంటుంది. అందరికీ వడ్డించేవి అవే వంటకాలు. ఒకరి ఆకులో పులుసు ఎక్కువ, పప్పు చెంచాడే. ఇంకొకరికి పప్పు దండిగా, పచ్చడి లేనే లేదు. మన కుర్రాడికి మాటలు ధారాళంగా వచ్చు, లెక్కలు బాగా వచ్చు, చప్పుడంటే మాత్రం ప్రాణం పోతుంది. ఇంకో అమ్మాయికి చప్పుడుతో పేచీ లేదు, మాటే రాదు, టాబ్లెట్ మీద బొమ్మలు నొక్కి చెబుతుంది. ఇద్దరి ఆకులనూ ఒకే తక్కెడలో తూచి ఎవరిది ఎక్కువో తేల్చలేం.

పెద్దవాళ్ళు “మావాడు మాట్లాడతాడుగా, ఆటిజం ఏంటి?” అనడానికి వెనక కొంత చరిత్ర ఉంది. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజానికి ఒక రూపం వచ్చింది. మరుసటేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ బాగా మాట్లాడే పిల్లల్లోనూ ఇలాంటి తీరునే వర్ణించాడు గానీ అది చాలాకాలం జర్మన్ భాష దాటి రాలేదు. 1981లో లోర్నా వింగ్ ఇంగ్లీషులో ఆయన పేరు మీద రాశాకే లోకానికి తెలిసింది. 2013లో అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఈ పేర్లన్నీ కలిపి ఒకే స్పెక్ట్రమ్ కిందికి తెచ్చింది. మన ఇళ్ళలో మాత్రం ఆటిజం అనగానే ఇంకా మాట రాని చిన్నపిల్లాడే గుర్తొస్తాడు.

మొహమాటం: ఎవరూ నేర్పని వ్యాకరణం

బీచ్ సంగతికి వద్దాం. “ఎల్దాం” అన్న మాటకు తెలుగులో రెండు బరువులు ఉన్నాయి. టైము, చోటు, ఎవరెవరు అన్నవి తోడైతే అది ప్లాను. అవేవీ లేకపోతే అది అభిమానం, ‘నువ్వంటే మాకు ఇష్టం’ అని చెప్పడం. ఈ తేడా మిగతా ముగ్గురికీ ఎవరూ నేర్పలేదు. ఎప్పుడు పట్టుబడిందో వాళ్ళకే తెలియదు.

ఇలాంటివి మన మాటల్లో అడుగడుగునా ఉన్నాయి. “భోంచేశావా?” అంటే చాలాసార్లు పలకరింపే. తిన్న కూరలు వరసపెట్టి చెప్పమని కాదు. వీధి చివర “ఎక్కడికి?” అన్నాయనకు మన ప్రయాణం వివరాలు అక్కర్లేదు. “చూద్దాంలే” అంటే పదిలో తొమ్మిదిసార్లు ‘వద్దు’. ఇక ఎవరింటికైనా వెళ్ళినప్పుడు మొదటి “వద్దండి” వద్దు కిందికి రాదు, రెండోదీ రాదు. మూడోది వద్దో కాదో మొహం చూసి తేల్చుకోవాలి. మన కుర్రాడు స్నేహితుడింట్లో మొదటిసారి అడగగానే “పెట్టండి ఆంటీ, ఆకలేస్తోంది” అన్నాడు. ఆవిడ మురిసిపోయి పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు స్నేహితుడు మాత్రం “అలా అడిగేస్తావేటిరా?” అన్నాడు. అడిగింది వాళ్ళమ్మే కదా అన్నది ఇతని సందేహం. నిజానికి ఆ సందేహంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పైగా మనది ఉత్తరాంధ్ర. వెటకారం లేకపోతే ముద్ద దిగదు. క్లాసుకి ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడిని “అబ్బో, బేగి వచ్చేసినావే!” అంటారు. మాట ఒకటి, గొంతు ఒకటి, అర్థం గొంతులో ఉంటుంది. ఆటిజం ఉన్న చాలామందికి ముందు అందేది మాట. గొంతు అందడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ సమయమే దొరకదు. 2009లో పది భాషల సంభాషణలను కొలిచి చూస్తే, ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి సగటున సెకనులో ఐదో వంతే పడుతోందని తేలింది. ఇద్దరే ఉంటే కొంత నయం. నలుగురు కూచుని ఒకరి మాట మీద ఒకరు వేసుకుంటుంటే, ఇతను వాక్యం సిద్ధం చేసుకునేసరికి టాపిక్ సినిమా నుంచి సెమ్ రిజల్ట్స్ మీదికి పోతుంది. అప్పుడు సినిమా గురించి మాట్లాడితే అందరూ ఒక క్షణం ఆగి చూస్తారు. ఆ చూపు అనుభవంలోకి వచ్చినవాడు మరుసటిసారి నోరు మూసుకుంటాడు.

ఇవేవీ ఇతను నేర్చుకోలేనివి కావు. విజయనగరం నుంచి ఇరవై ఏళ్ళప్పుడు చెన్నై వెళ్ళినవాడు తమిళం నేర్చుకున్నట్టు నేర్చుకుంటాడు. మాట్లాడతాడు, పనులు జరుపుకుంటాడు. కానీ ప్రతి వాక్యం కట్టుకోవాలి. సాయంత్రానికి తల వాచిపోతుంది.

ఇంటర్‌లో కనబడనిది ఇంజినీరింగ్‌లో ఎందుకు బయటపడుతుంది

మన చదువుల తీరులోనే ఒక విచిత్రం ఉంది. కార్పొరేట్ కాలేజీ ఇంటర్ అంటే పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గంట గంటకూ ఏం చేయాలో రాసిపెట్టి ఉంటుంది. ఎక్కడ కూచోవాలో, ఎప్పుడు తినాలో కూడా. మాట్లాడితే తిడతారు. చాలామంది పిల్లలకు నరకంలా ఉండే ఆ రెండేళ్ళు, ఆటిజం ఉన్న కొందరికి ఏ ఇబ్బందీ లేకుండా గడిచిపోతాయి. తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలుసు, కబుర్లు చెప్పాల్సిన పని లేదు. మన కుర్రాడికి ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది.

ఇంజినీరింగ్ మొదటి నెలలోనే అంతా తలకిందులైంది. ఖాళీ పీరియడ్లు. ఎవరి పక్కన కూచోవాలో ఎవరూ చెప్పరు. ల్యాబ్‌లో “మీరే బ్యాచ్‌లుగా అయిపోండి” అంటారు, నిమిషంలో అందరూ అయిపోతారు, ఇతను మిగులుతాడు. సబ్జెక్టు అదే, తెలివీ అదే. తెరవెనక నిలబెట్టిన టైంటేబుల్ ఒక్కటే పోయింది.

ఇంకో కారణం మన మర్యాదలే. కళ్ళలోకి చూడకపోవడం ఆటిజానికి ఒక గుర్తుగా చెబుతారు. పెద్దవాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడితే పొగరనే ఇళ్ళలో, తల వంచుకు మాట్లాడే పిల్లాడు ‘బుద్ధిమంతుడు’ అవుతాడు. ఆడపిల్లలకైతే ఇది మరీ ఎక్కువ. ఎవరితోనూ కలవదు, ఒక్కతే పుస్తకం పట్టుకు కూచుంటుంది, మాట తక్కువ. “బంగారం లాంటి పిల్ల, నోట్లో నాలుక లేదు” అంటాం. ఆ అమ్మాయికి లోపల ఏమవుతోందో ఇరవై ఏళ్ళు వచ్చినా ఎవరూ అడగరు. ఆటిజం నిర్ధారణ అబ్బాయిలకే ఎక్కువగా జరుగుతుంది. అమ్మాయిలు లెక్కలోకి రాకుండా తప్పిపోవడం దానికి ఒక కారణమని ఇప్పుడు పరిశోధకులు ఒప్పుకుంటున్నారు.

చెవులకు రెప్పలుండవు

స్నేహం అంటే మాటలే అనుకుంటాం గానీ, ఆ మాటలు ఎక్కడ జరుగుతున్నాయన్నదీ ముఖ్యమే. క్యాంటీన్లో స్టీలు ప్లేట్లు, ఫ్యాన్ల రొద, స్పీకర్లో పాట, బజ్జీల నూనె వాసన. పక్కవాడి మాట తప్ప మిగతావన్నీ మన మెదడు తనంతట తనే పక్కన పెట్టేస్తుంది. మన కుర్రాడి మెదడు అలా పెట్టలేదు. ప్లేటు చప్పుడూ స్నేహితుడి మాటా ఒకే గట్టిదనంతో వస్తాయి. గాజువాక నుంచి గంటకు పైగా బస్సు, మద్దిలపాలెంలో మారడం, ఉక్క, హారన్లు. క్లాసుకి చేరేటప్పటికే సగం ఓపిక ఖర్చయి ఉంటుంది.

ఫ్రెషర్స్ పార్టీనాడు డీజే మొదలైన పావుగంటకు అతను బయటికి వెళ్ళి బైకుల స్టాండు వెనక కూచున్నాడు. పిలిస్తే పలకలేదు. దీన్ని షట్‌డౌన్ అంటారు. భరించలేనంత పైన పడినప్పుడు మాట, కదలిక ఆగిపోతాయి. అదే భారం కొందరిలో ఏడుపుగా, అరుపుగా బయటికి తన్నుకొస్తే మెల్ట్‌డౌన్. చూసేవాళ్ళకు మొదటిది పొగరులా, రెండోది మొండితనంలా కనిపిస్తుంది. ఆ రోజు తర్వాత అతనికి ‘ఎటిట్యూడ్’ అన్న పేరొచ్చింది.

చేతివేళ్ళు ఆడించడం, ముందుకీ వెనక్కీ ఊగడం లాంటివి చాలామందికి ఈ ఒత్తిడిని దించుకునే మార్గం. స్టిమ్మింగ్ అంటారు. మనం పెన్ను టకటక కొట్టడం, కాలు ఊపడం కూడా ఆ జాతివే. ఇంట్లో పెద్దవాళ్ళు కాళ్ళు ఊపితే దరిద్రం అంటారు, అది వేరే సంగతి.

పుర్రచేయి వాటం, బంతి భోజనం

పుర్రచేయి వాటం ఉన్న పిల్లాడిని వెనకటి రోజుల్లో కొట్టి కుడిచేత్తో రాయించేవాళ్ళు. రాసేవాడు. అక్షరాలు కుదిరేవి. అయినా వాటం మారేది కాదు, చేయి త్వరగా నొప్పెట్టేది. ఇప్పటికీ పుర్రచేయి వాటం వాళ్ళు బంతిలో కూచుంటే కుడిచేత్తోనే తింటారు, పక్కవాళ్ళు ఏమనుకుంటారోనని.

మాస్కింగ్ అంటే దాదాపు ఇదే. అద్దం ముందు నవ్వు సాధన చేయడం. అవతలివాడి కనుబొమల మధ్య చూస్తూ కళ్ళలోకి చూస్తున్నట్టు కనిపించడం. జోకు అర్థం కాకపోయినా అందరికన్నా అరక్షణం ఆలస్యంగా నవ్వడం. ముందురోజే రెండు ప్రశ్నలు రాసి పెట్టుకుని, టీ దగ్గర మాట ఆగినప్పుడు తీయడం. ఇవి పనిచేస్తాయి. ఉద్యోగాలు వస్తాయి, తిట్లు తప్పుతాయి. అందుకే మానడం కష్టం.

ఖర్చు కూడా అక్కడే ఉంది. ఎక్కువగా మాస్కింగ్ చేసేవాళ్ళలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చూపాయి. మాస్కింగ్ వల్లే అవి వస్తున్నాయా, లేక అవి ఉన్నందుకే ఎక్కువగా దాచుకుంటున్నారా అన్నది అంత తేలిగ్గా విడదీయలేం. మన కుర్రాడి విషయంలో కనిపించేది ఇంతే: సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పి గదిలో లైటు తీసేసి పడుకుంటాడు. వాళ్ళమ్మ “కాలేజీలో అందరితో బాగానే ఉంటావంట, ఇంటికొస్తే మాతో మాట్లాడవేం నాన్నా?” అంటుంది. ఆమె బాధ నిజమే. కాలేజీలో బాగా ఉన్నందుకే ఇంట్లో మాట మిగలదని ఆమెకు ఎవరు చెబుతారు?

సహానుభూతి లేనిది ఎవరికి?

ఆటిజం ఉన్నవాళ్ళకు ఇతరుల మనసు తెలియదు అన్న మాట 1985లో బలపడింది. సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ పిల్లలకు రెండు బొమ్మలతో ఒక చిన్న ఆట చూపించారు. శాలీ గోలీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది. ఆన్ దాన్ని తీసి పెట్టెలో పెడుతుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? బుట్టలో అనాలి, ఎందుకంటే మార్చిన సంగతి శాలీకి తెలియదు. ఆటిజం ఉన్న 20 మందిలో 16 మంది పెట్టె చూపించారు. మిగతా పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గానే చెప్పారు.

ఈ ప్రయోగం గట్టిదే, చాలాకాలం నిలిచింది. ఆ తర్వాత కొన్ని చిక్కులు బయటపడ్డాయి. నలుగురు సరిగ్గా చెప్పారు కదా, వాళ్ళకు ఆటిజం లేనట్టా? పెద్దయ్యాక చాలామంది ఈ పరీక్ష దాటేస్తారు, అయినా క్యాంటీన్లో తడబాటు పోదు. అన్నిటికన్నా పెద్దది ఇంకోటి. పరీక్ష ఒక వైపే పెట్టారు. ఆటిజం లేనివాళ్ళు ఆటిజం ఉన్నవాళ్ళ మనసును ఎంత బాగా చదవగలరో ఎవరూ చూడలేదు.

2012లో బ్రిటన్‌కు చెందిన డేమియన్ మిల్టన్ ఈ ప్రశ్నే వేశాడు. ఆయనకూ ఆటిజం ఉంది. ఆయన పెట్టిన పేరు డబుల్ ఎంపతీ ప్రాబ్లమ్. రెండు వేరే తీరుల మనుషులు కలిసినప్పుడు అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది, కానీ లోపం పేరు మాత్రం తక్కువ మంది ఉన్నవైపే అంటిస్తారు అన్నది దాని సారం. బీచ్ సంగతిలో అదే జరిగింది. ఇతనికి వాళ్ళ ‘ఊరికే’ తెలియలేదు. రెండున్నర గంటలు నిలబడి ఉంటాడన్న ఊహ వాళ్ళకూ రాలేదు.

ఆలోచన బాగానే ఉంది, ఆధారం సంగతేమిటి? 2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఎనిమిదేసి మంది వరసల్లో ఒక కథను చెవి నుంచి చెవికి పంపించింది, మనం చిన్నప్పుడు ఆడినట్టే. ఆటిజం ఉన్నవాళ్ళే ఉన్న వరస, లేనివాళ్ళ వరసతో సమానంగా కథను చేరవేసింది. ఇద్దరూ కలిసిన వరసలో వివరాలు త్వరగా జారిపోయాయి. తర్వాత ఇంకా ఎక్కువ మందితో చేసినప్పుడు ఆ కలిసిన వరసల తరుగు అలా కనబడలేదు. కాబట్టి సిద్ధాంతం మొత్తం రుజువైపోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆటిజం ఉన్నవాళ్ళ మధ్య మాట బాగానే పారుతుందన్నది మాత్రం రెండుసార్లూ నిలబడింది.

నాకు అంతకన్నా పదునుగా తోచేది 2017లో నోవా శాసన్ బృందం చేసిన పని. ఆటిజం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు మాట్లాడిన కొన్ని సెకన్ల క్లిప్పులు కొత్తవాళ్ళకు చూపించి, వీళ్ళ పక్కన కూచుంటారా, మాట కలుపుతారా అని అడిగారు. ఆ కొన్ని సెకన్లలోనే ఆటిజం ఉన్నవాళ్ళకు తక్కువ మార్కులు పడ్డాయి. అదే మాటలను కాగితం మీద రాసి ఇస్తే తేడా పోయింది. అంటే జనం దూరం జరిగింది వాళ్ళు చెప్పిన విషయం వల్ల కాదు. వాట్సాప్‌లో బాగా కబుర్లు చెప్పే కుర్రాడు క్లాసులో ఒంటరిగా ఎందుకు ఉంటాడో ఇక్కడ కొంత తెలుస్తుంది.

మనిషిని దిద్దాలా, చోటును సర్దాలా

ఇక్కడ మూడు పక్షాలు ఉన్నాయి. మూడింటికీ బలం ఉంది.

మొదటిది నేర్పాలనే పక్షం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన పీర్స్ లాంటి శిక్షణలు, నడుస్తున్న సంభాషణలోకి ఎలా చేరాలి, ఎగతాళికి ఏమనాలి అన్నవి మెట్టు మెట్టుగా చెబుతాయి. రాయని రూలు రాసి చేతికివ్వడం చాలామందికి నిజంగా పనికొస్తుంది. “టైము, చోటు లేకపోతే ప్లాను కాదు” అన్న ఒక్క వాక్యం ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆదివారం సాయంత్రం అలా గడిచేది కాదు. నేర్చుకున్నది క్లాసు దాటి నిజమైన స్నేహంగా ఎంతవరకు మారుతుందన్నదే పేచీ.

రెండో పక్షం, న్యూరోడైవర్సిటీ వాళ్ళది. మెదళ్ళు రకరకాలు, అందరినీ ఒకే అచ్చులో పోయకండి అంటారు. చిన్నప్పుడు థెరపీలో “కళ్ళలోకి చూడు, చేతులు కదపకు” అని నేర్పించుకుని పెరిగిన కొందరు, మాకు నేర్పింది మెలగడం కాదు, దాచుకోవడం అని చెబుతున్నారు. కాలేజీ చేయాల్సిన పనులు వీళ్ళ దృష్టిలో చిన్నవే. ల్యాబ్ బ్యాచ్‌లు లెక్చరరే వేయడం, సూచనలు రాసి ఇవ్వడం, ఒక నిశ్శబ్దమైన గది.

మూడో గొంతు తక్కువగా వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కొడుక్కి స్నానం చేయించాల్సిన తల్లి, ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండాల్సిన తండ్రి. “అది కేవలం తేడా మాత్రమే అంటే మా పిల్లాడికి కావలసిన సాయం ఎవరు ఇస్తారు?” అన్నది వాళ్ళ ప్రశ్న. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ ఇలాంటివారి కోసం ‘ప్రొఫౌండ్ ఆటిజం’ అన్న మాట వాడాలని చెప్పింది. దాని మీద మళ్ళీ వాదన. అందరినీ కలిపిన గొడుగును మళ్ళీ చీలుస్తున్నారని కొందరు, మా పిల్లలు ఇప్పటికైనా కనబడుతున్నారని కొందరు.

మన కుర్రాడి వరకు నా మొగ్గు ఇది: అతను అడిగితే నేర్పాలి. అడగకుండా దిద్దడం మొదలుపెడితే నేర్పేది ఏదైనా చివరికి మాస్కింగ్‌లోకే పోతుంది. ఆ తల్లిదండ్రుల ప్రశ్నకు మాత్రం ఇది జవాబు కాదని నాకు తెలుసు.

పేరు పెట్టుకోవడంలోనూ ఇదే పేచీ. ‘నాకు ఆటిజం ఉంది’ అనాలా, ‘నేను ఆటిస్టిక్’ అనాలా? తెలుగులో ‘నాకు షుగర్ ఉంది’ అంటాం, ‘నాది పుర్రచేయి వాటం’ అంటాం. మొదటిది వచ్చిపడినది, రెండోది తనది. ఎవరికి ఏది సరిపోతుందో వాళ్ళనే అడగడం మేలు.

25 ఒకట్లు, 15 మూళ్ళు: సర్టిఫికెట్ లెక్క

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో కనిపించింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో వైకల్యం ఉన్నవాళ్ళకు 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇతర కొన్ని వైకల్యాలతో కలిపి 1 శాతం రిజర్వేషన్. ఇవి కావాలంటే 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. మన రాష్ట్రంలో దానికి దారి సదరం.

శాతం తేల్చడానికి ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం వాడుతూ వచ్చారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మొత్తం 70 వస్తే 40 శాతం, అంటే గీత దాటినట్టు. ఒక లెక్క వేద్దాం. 25 అంశాల్లో ఒకటేసి, 15 అంశాల్లో మూడేసి వచ్చాయనుకోండి: 25, 45 కలిపి సరిగ్గా 70. ఆ రోజు కుర్రాడు డాక్టరు ముందు ఒక అంశంలో మాస్కింగ్ బాగా చేసి మూడు బదులు రెండు తెచ్చుకుంటే 69. కాగితం మీద ఆటిజం లేదు. ఇన్నేళ్ళు కష్టపడి నేర్చుకున్న నవ్వు ఒక మార్కు తగ్గించింది.

అయితే గీత కింద ఉన్నవాడికి ఏ హక్కూ లేదనుకోవడం పొరపాటు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇదే చెప్పింది. ఆ కేసు ఆటిజం గురించి కాదు, చేయి కొంకర్లుపోయి రాయలేని ఒక అభ్యర్థికి పరీక్షలో సహాయకుణ్ణి ఇవ్వడం గురించి. 40 శాతం షరతు రిజర్వేషన్లకే గానీ, అవసరమైన సర్దుబాటు ఇవ్వడానికి కాదని కోర్టు స్పష్టం చేసింది.

సర్టిఫికెట్ ఒక ఎత్తు, క్లాస్‌మేట్లకు చెప్పడం ఇంకో ఎత్తు. చెబితే మొదటి అభిప్రాయం మెరుగవుతుందని అమెరికాలో శాసన్ బృందమే తర్వాత చూపించింది. మన దగ్గర మానసిక వైద్యుణ్ణి కలిశాడంటేనే పిచ్చాసుపత్రి అనుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, చెల్లెలి పెళ్ళి సంబంధం గురించి ఆలోచించే ఇళ్ళూ ఉన్నాయి. ప్లేస్‌మెంట్లకు వచ్చేసరికి గ్రూప్ డిస్కషన్ ఉంటుంది, అంటే సెకనులో ఐదో వంతు ఆట మళ్ళీ. అక్కడ చెబితే సాయం చేస్తారా, పక్కన పెడతారా అన్న టెన్షన్ ఉత్త భయం కాదు. మన కుర్రాడు ఇప్పటికి ఒక్కరికే చెప్పాడు.

ఎదురెదురుగా కాదు, పక్కపక్కన

స్నేహం అక్కర్లేక ఒంటరిగా ఉంటారన్న అపోహ ఒకటి ఉంది. ఆటిజం ఉన్న పిల్లలు తోటివాళ్ళకన్నా ఎక్కువ ఒంటరితనం చెప్పుకున్నారని 2000లోనే ఒక అధ్యయనం చూపింది. కోరుకోనివాడికి ఒంటరితనం ఉండదు. వాళ్ళు కోరుకునే స్నేహం తీరు వేరు కావచ్చు, అంతే. ముఖాలు చూసుకుంటూ కబుర్లు చెప్పుకునే స్నేహం కన్నా, ఇద్దరూ కలిసి ఇంకేదో ఒకదాన్ని చూసే స్నేహం చాలామందికి హాయిగా ఉంటుంది.

మన కుర్రాడికి ఓడలంటే ఇష్టం. లంగరు వేసిన ఓడ ఏ దేశానిదో, ఏం మోస్తోందో ఫోన్లో చూసి చెబుతాడు. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ‘మా’ గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కినప్పుడు స్కూల్లో ఉన్నాడు. రోజూ వెళ్ళి చూశాడు. కాలేజీలో ఈ కబురు మూడు నిమిషాలు దాటితే అందరూ ఫోన్లు తీసేవారు. ఒక జూనియర్ తీయలేదు, “దాని బరువెంత?” అని అడిగాడు.

ఇప్పుడు ఇద్దరూ శనివారం తెన్నేటి పార్కులో కలుస్తారు. ముందురోజే వాట్సాప్‌లో రాసుకుంటారు: ఆరింటికి, రైలింగ్ దగ్గర, ఏడుంపావు దాకా. అలల చప్పుడు అతనికి ఇబ్బంది పెట్టదు, తర్వాతి అల ఎప్పుడొస్తుందో తెలుస్తూనే ఉంటుంది. సముద్రం వైపు చూస్తూ మాట్లాడుకుంటారు. కొన్నిసార్లు పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఏడుంపావుకి ఒకడు “ఎల్తన్నా” అంటాడు, వెళ్ళిపోతాడు. రెండోవాడు ఆ కనిపిస్తున్న ట్యాంకరు పేరు దొరికేదాకా ఇంకాసేపు ఉంటాడు.